నూట నలభై తాయెత్తుల బొంత

ఆ రోజుల్లో మా ఇళ్ళలో రెండు వస్తువులను ఎవరూ పారేసేవాళ్ళు కాదు. ఒకటి పాత బట్ట, రెండోది పాత ఉత్తరం. చీర చిరిగితే బొంతలోకి పోయేది, బొంత చిరిగితే దూడ మీద కప్పే గుడ్డయ్యేది. ఉత్తరానికైతే తలుపు పక్కన గోడకు ఒక ఇనుప కంబి వేలాడుతూ ఉండేది. పోస్టుమ్యాన్ ఇచ్చిపోయిన కార్డును చదివి, నడుమ పొడిచి, ఆ కంబికి గుచ్చేస్తే ఇక దాని బతుకు అక్కడే. కింద పెళ్ళి కబుర్లు, వాటి మీద కాన్పు కబుర్లు, వాటి మీద చావు కబుర్లు, పైన మళ్ళీ పెళ్ళి కబుర్లు. ఎవరూ తీసి చదివేవాళ్ళు కాదు, అయినా తీసేస్తే మాత్రం ఇల్లు బోసిపోయినట్టుండేది. ఈ పాత బట్టనూ పాత ఉత్తరాన్నీ ఒకచోట చేర్చి, ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య, అంటే మా ఇంటికీ మా అక్క అత్తగారింటికీ మధ్య, చిచ్చు పెట్టిన ఘనత నాది. అప్పటికి నాకు పదహారేళ్ళు. తెలివి ఎక్కువ, బుద్ధి తక్కువ అని మా అవ్వ లెక్క.

నన్ను ఇంట్లో 'యాలమ్మ' అని పిలిచేవాళ్ళు. మా వైపు ఎందుకు అని అడగడానికి 'యాల' అంటారు. నేను పొద్దున లేచింది మొదలు ఆ మాట తప్ప ఇంకో మాట ఎరగను. సద్దరొట్టె గుండ్రంగానే యాల చేస్తారు, ఆదోని బస్సు ఎమ్మిగనూరుకు పోయేటప్పుడు యాల నిండుతుంది, వచ్చేటప్పుడు యాల ఖాళీగా ఉంటుంది, ఇలాంటివి. మా నాయన బడిలో లెక్కల అయ్యవారు కాబట్టి కొన్నింటికి జవాబు చెప్పేవాడు. మా అవ్వ (నాయనకు అమ్మ) మాత్రం, "నీ నోట్లో ఒక గుడ్డ పేలిక కుక్కి కుడితే గాని ఈ ఇంటికి నిమ్మళం లేదు యాలమ్మా" అనేది. ఆమెకు బొంతలు కుట్టడంలో ఎంత పేరంటే, మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ముందు మంత్రసానికి, తర్వాత మా అవ్వకు కబురు వెళ్ళేది.

అవ్వ బొంతకు ఒక నియమం ఉంది. మూడు వైపులా కుట్టి, నాలుగో వైపు జానెడు సందు మిగిల్చి, ఆ సందులోంచి పిడికెడు బియ్యమో, రొట్టె తునకో లోపల పెట్టి అప్పుడు మూసేది. "బొంత కూడా తల్లే. దాని కడుపు ఖాళీగా ఉంటే దాని మీద పండుకునే బిడ్డ కడుపు యాడ నిండుతాది?" అనేది. ఎలుకలు కొరుకుతాయి కదా అవ్వా అంటే, "ఎలకల్ది మాత్రం కడుపు కాదా" అని నోరు మూయించేది. మా ఇంటి నుంచి అత్తగారింటికి వెళ్ళిన ఏ బిడ్డా ఆమె బొంత లేకుండా గడప దాటలేదు. అలాంటిది మా అక్కకు మొదటి కాన్పులో కొడుకు పుట్టేసరికి అవ్వ కళ్ళకు పొర కమ్మింది. సూదిలోకి దారం ఎక్కించలేక, ఎక్కించినా కుట్టు ఎక్కడ పడుతుందో కనపడక, ఒక మధ్యాహ్నం సూదిని మంచం కోడుకు గుచ్చేసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందని నాకు అర్థమైంది. దగ్గరికి పోయి, "నేను కుడతాలే అవ్వా" అన్నాను. ఆమె తిరక్కుండానే, "నీకు గుండీ కుట్టను రాదు" అంది. అది నిజమే. కానీ మూడో నెలలో అక్కనూ బిడ్డనూ తీసుకుపోవడానికి ఎమ్మిగనూరు వాళ్ళు వస్తారు. అప్పటికి బొంత లేకపోతే అవ్వ మాట పోతుంది. నేను ఆ పని నెత్తిన వేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా బడికి ఒక కొత్త కుట్టు టీచరమ్మ వచ్చింది. ఆమె దగ్గర పరదేశపు పుస్తకంలోంచి చించిన ఒక బొమ్మ ఉండేది. అందులో తేనెపట్టు పరిచినట్టు అన్నీ ఆరు మూలల ముక్కలతో కుట్టిన బొంత! చూడగానే నాకు మతి పోయింది. మా అవ్వ బొంతలో ముక్కలు ఎలా దొరికితే అలా పడేవి. ఇందులో మూల తప్పిన ముక్క ఒక్కటి లేదు. "అంత కుదురుగా యాల వస్తాయి టీచర్?" అని అడిగితే ఆమె కిటుకు చెప్పింది. ముందు గట్టి కాగితాన్ని ఆరు మూలలుగా కత్తిరించాలి. దాని మీద బట్ట పెట్టి, అంచులు లోపలికి మడిచి, పచ్చికుట్లు (తర్వాత ఊడదీయడానికి వీలుగా వేసే పొడుగు కుట్లు) వేయాలి. అలా తయారైన ముక్కలను అంచుకు అంచు ఆనించి సన్నగా కుట్టుకుంటూ పోవాలి. అంతా అయ్యాక పచ్చికుట్లు తెంపి కాగితాలు లాగేస్తే బట్ట మాత్రం అదే ఆకారంలో నిలబడుతుంది. "కాగితం లాగేసినా యాల నిలబడుతుంది?" అన్నాను. "లాగి చూడు, నీకే తెలుస్తుంది" అంది టీచరమ్మ. ఆ మాట నేను వినాల్సినంత శ్రద్ధగా వినలేదని తర్వాత తేలింది.

నాయనకు చెబితే ఆయన నాకంటే సంబరపడ్డాడు. "అయిదు మూలలైతే మధ్యలో సందులు పడతాయి. ఆరైతే పడవు. తేనెటీగకు ఎవరు చెప్పినారు చూడు ఈ లెక్క!" అంటూ కంపాసు తీసి గుండ్రం గీసి, దాని మీద ఆరు గుర్తులు పెట్టి, పాత బిస్కెట్ల డబ్బా మూతను ఆ కొలతకు కత్తిరించి అచ్చు చేసి ఇచ్చాడు. బట్టకు కరువు లేదు. బజారులో దర్జీలందరూ రవికె గుడ్డల పేలికలు మూట కట్టి ఇచ్చారు. వచ్చిన చిక్కల్లా గట్టి కాగితంతోనే. నోటుపుస్తకం కాగితం మడత దగ్గర వంగిపోతోంది. అట్ట అయితే కత్తెరకు లొంగడం లేదు. అలా దిక్కులు చూస్తుంటే తలుపు పక్కన కంబి కనిపించింది. పోస్టుకార్డు! వంగదు, మొండికేయదు, అన్నీ ఒకే కొలత. ఒక్కో కార్డుకు సరిగ్గా రెండు ముక్కలు. నేను అడుగు నుంచి లాగడం మొదలుపెట్టాను, పాతవైతే ఎవరికీ అక్కర ఉండదని. ప్రతిదానికీ యాల అని అడిగే నేను ఒక్క కార్డునైనా తిప్పి ఏముందో చదవలేదు. ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉండేది దానికే. అడుగువి కొన్ని పురుగు తిని ఉంటే, వాటికి బదులు పైనున్న కొత్తవి లాగాను. డెబ్బై కార్డులు, నూట నలభై ముక్కలు. కంబి సగానికి చిక్కిపోయింది. నాయన ఒకరోజు దాని ముందు నిలబడి, "ఏమిటే, ఉత్తరాలు తగ్గినట్టున్నాయి?" అన్నాడు. "ఎలకలేమో నాయనా" అన్నాను. ఆయన పాపం నమ్మి బోను తెచ్చి పెట్టాడు.

వేళ్ళకు సూది గుచ్చుకోని రోజు లేదు. అవ్వ పక్కన కూర్చుని, కనపడకపోయినా వేలితో తడిమి, "ఈడ కుట్టు వదులయింది, ఇప్పు" అనేది. ఇప్పి మళ్ళీ కుట్టేదాన్ని. రెండు నెలలకు పైభాగం తయారైంది. నిజంగా బాగుంది. ఇంతలో ఎమ్మిగనూరు వాళ్ళు అనుకున్నదానికంటే పది రోజులు ముందే వస్తున్నామని కబురు పంపారు. పాత చీర మడతలు లోపల పెట్టాలి, వెనక గుడ్డ వేయాలి, దానికి ముందు నూట నలభై కాగితాలు ఊడలాగాలి. కత్తెర పట్టుకుని కూర్చోగానే అవ్వ అడిగింది, "ఏం సేస్తాండావే?"

"కాగితాలు తీసేస్తాండా."

"తీసేస్తావా? బొంత కడుపులో పడినేదాన్ని మళ్ళా బయటికి లాగుతారా యాడన్నా? అది కడుపా, కసువు బుట్టా?"

టీచరమ్మ అలా చెప్పిందని నేను ఒక్క మాట అన్నాను. ఒక్కటే. రెండో మాట అనలేదు. ఎందుకంటే, నిజం చెప్పాలి, నూట నలభై కాగితాలు లాగడానికి నాకు ఒళ్ళు వంగలేదు. పైగా బొంతను కదిపితే కొత్త పట్టుచీరలా గరగరలాడుతుంటే నాకు ముచ్చటగా ఉండింది. (తర్వాత చాలా ఏళ్ళు ఈ నేరాన్ని అవ్వ మీదికే నెట్టాను. ఆవిడ ఇప్పుడు లేదు కాబట్టి ఒప్పుకుంటున్నాను.) అవ్వలా బొంత నిండా కుట్లు వేద్దామంటే పోస్టుకార్డులోకి సూది దిగితే కదా, మూడు సూదులు విరిగాయి. చుట్టూ అంచులు మాత్రం కుట్టి, పిడికెడు బియ్యం పోసి మూసేశాను. అక్క బిడ్డను దాని మీద వేసుకుని గడప దాటుతుంటే అవ్వ బొంత అంచును వేళ్ళతో నిమిరి, "నా మాట నిలబెట్టినావు యాలమ్మా" అంది. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు.

నెల తిరగకుండానే అక్క దగ్గర నుంచి కార్డు వచ్చింది. "అవ్వను, చెల్లెలిని వెంటనే పంపవలెను. మా అత్తమ్మ బొంత విషయం తేల్చమంటున్నది. తేలకపోతే బొంతతోపాటు నన్ను కూడా పుట్టింటికి పొమ్మంటున్నది." అంతే. నాయనకు బడి, అమ్మకు ఇంట్లో బర్రె ఈనే రోజులు. అవ్వా నేనూ మరుసటి పొద్దున బస్సెక్కాము. ఆమె దారి పొడవునా ఒకటే అడిగింది, "బొంతలో ఏం తప్పు సేసినావే?" నాకేం తెలుసు? కుట్లు ఊడి ఉంటాయనుకున్నాను. ఊడితే మళ్ళీ కుట్టవచ్చు గదా, దానికి అక్కను పంపేయడం యాల అని మొదటిసారి మనసులోనే అడుక్కున్నాను.

అక్క వాళ్ళ ఇంటి పెరట్లో గోడ మీద నా బొంత ఆరేసి ఉంది. దాని మీద ఒక నిమ్మకాయ, పక్కన వేపమండ. ఎవరూ చేత్తో ముట్టుకోవడం లేదని అక్కడే పడున్న పొడుగు కట్టెను చూస్తే అర్థమైంది. అక్క వాకిట్లో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. మా బావ, మిల్లుకు పోవాల్సిన మనిషి, బిడ్డను భుజాన వేసుకుని తలుపు వెనక నుంచి తొంగిచూసి, మమ్మల్ని చూడగానే లోపలికి తప్పుకున్నాడు. అక్క అత్తగారు చాప వేసి, మంచినీళ్ళు ఇచ్చి, మర్యాదలన్నీ అయ్యాకే మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, మీరు పెద్దోళ్ళు, నాకు తల్లి లెక్క. మీ ఆయన మంత్రాలయం కాడ గుళ్ళో ఉన్నోడని తెలిసే పిల్లను సేసుకున్నాం. ఆ ఇద్దె మా ఇంటి మీదనే సూపిస్తారనుకోలేదు."

"ఏం ఇద్దెమ్మా?" అంది అవ్వ. మా తాత ఒకప్పుడు గుడిలో పూలమాలలు కట్టేవాడు. ఆయనకు వచ్చిన విద్యల్లా మరువం ఎక్కడ పెట్టాలి, కనకాంబరం ఎక్కడ పెట్టాలి అన్నదే. మంత్రం ఒక్క ముక్క రాదు.

"బిడ్డ తడిపితే ఉతికి ఆరేసినా. ఎండినంక గరగరమంటాది. తెల్ల ముక్కల మీద నీలం అచ్చరాలు తేలినాయి, అదీ తిరగతిప్పి! మా పక్కింటి మగ్గం ఆమె అయిదు సదివింది, ఆమెకే అర్థం కాలేదు. ఒక ముక్క ఇప్పి సూస్తే లోపల ఆరు మూలల కాగితం. బట్టలో సుట్టి దారంతో కుట్టింది. దాన్ని ఏమంటారు పెద్దమ్మా? తాయెత్తు అనరా? ఒకటి కాదు రెండు కాదు, బొంత నిండా తాయెత్తులే!"

 ఆమె ఆగలేదు. కొంగు ముడి విప్పి కట్టె కొనతో తోసినట్టు ఒక కాగితాన్ని చాప మీదికి తోసింది. "దాంట్లో ఏం రాసుండాదో తెలుసునా? 'వాడిని దారికి తెచ్చే పని' అని రాసుండాది. మగ్గం ఆమె సదివి నా సేయి పట్టుకుని వణికింది. ఎవన్ని దారికి? నా కొడుకునే గదా! ముందు వాడు పిలిస్తే పలికేటోడు కాదు. ఇప్పుడు మిల్లు ఇడిసేసరికి ఇంట్లో ఉంటాడు. ఉయ్యాల ఊపుతాడు. నిన్న బిడ్డ గుడ్డలు పిండుతాండాడు పెద్దమ్మా, మగోడు!"

తలుపు వెనక నుంచి బావ గొంతు చిన్నగా వినిపించింది, "నీళ్ళు మాత్రమే పోసినానమ్మా." ఎవరూ ఆయన్ను పట్టించుకోలేదు.

నేను ఏడుపు గొంతుతో మొత్తం చెప్పేశాను. టీచరమ్మ, తేనెపట్టు, కంబి, పోస్టుకార్డులు, చివరికి నాయన పెట్టిన ఎలుకల బోను కూడా. ఆమె నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం ఆమెకేముంది? ఆరు మూలలే యాల ఉండాలి, నాలుగు యాల చాలవు అని నన్నే అడిగింది. ఆ ప్రశ్న నా నోట్లోంచి రావాల్సింది, నా మీదికే వచ్చింది. తేనెటీగకు కూడా తెలిసిన లెక్క అంటే ఆమెను తిట్టినట్టుంటుందని ఊరుకున్నాను.

అప్పుడు అవ్వ లేచింది. తడుముకుంటూ పెరట్లోకి పోయి, నిమ్మకాయను తోసేసి, బొంతను చేత్తోనే లాక్కొచ్చి ఆమె ముందు పరిచింది. "యాలమ్మా, కత్తెర తీ. ఈమె ముందర అన్నీ ఇప్పు. నా మనవరాలి బతుకు కన్నా నీ బొంత ఎక్కువ కాదు." నా రెండు నెలల పని. వెనక గుడ్డ ఒక వైపు ఇప్పాను. గుప్పెడు బియ్యం చాప మీదికి జారాయి. పచ్చికుట్టు తెంపి మొదటి కాగితం లాగాను. ముక్క చెదిరిపోతుందని కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే ఆరు మూలలూ అలాగే ఉన్నాయి! రెండోది లాగాను, మూడోది లాగాను. నా ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియదు. "అవ్వా, నిలబడతాండాదే!" అని అరిచాను. అక్క అత్తగారు కూడా తెలియకుండానే ముందుకు జరిగి, "కాగితం తీసినా ఇడిపోదా?" అని వేలితో నొక్కి చూసింది. తాయెత్తు సంగతి కాసేపు మరిచిపోయి, "ఇటు పక్కది నేను తీస్తా ఉండు" అని ఒకటి తనే లాగింది. అంతలోనే గుర్తొచ్చి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

చాప నిండా కాగితాలు పరుచుకున్న వేళకు అక్క మామగారు వచ్చాడు. నాలుగు రోజులుగా గోనెగండ్ల దగ్గర చేనిలో బుడ్డలు (వేరుశనగ) పీకిస్తూ ఉన్నాడట, ఇంట్లో ఇంత జరిగినట్టు ఆయనకు తెలియదు. ఆయన రాగానే అత్తగారు ఆ పాపిష్టి ముక్కను చూపించింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. గొంతుకూర్చుని చాప మీద వెతకడం మొదలుపెట్టాడు. నేను అక్కడున్న ముక్కల్లో అదే నీలం సిరా ఉన్నది తీసి ఇచ్చాను. రెండూ ఆనించాడు. కుదిరాయి.

"ఏమే, ఇది నా రాతే" అన్నాడు.

"నీ రాతా?"

"పిల్లను సూసొచ్చినంక ఆదోనికి కార్డు రాయమన్లేదా నువ్వు? ఉయ్యాల బల్ల మీద కూసోని నువ్వే సెప్తాంటే నేను రాస్తి. ఇను." ఆయన గొంతు సవరించుకుని, మూలలు తెగిన చోట తడుముకుంటూ చదివాడు. "'మీ పెద్దపాప మాకందరికీ నచ్చినది. ముఖ్యముగా మా ఇంటిదానికి. మావాడు ఇప్పుడే పెండ్లి వద్దనుచున్నాడు గాని, వాడిని దారికి తెచ్చే పని మా ఇంటిది చూసుకొనును.'"

 పక్కింట్లో మగ్గం ఆగిపోయింది (మగ్గం ఆమె గోడకు చెవి ఆనించి ఉంటుంది). మా అవ్వ మాత్రం మెల్లగా, "అయితే మా అల్లున్ని దారికి తెచ్చినేది ఎవరమ్మా?" అంది. తలుపు వెనక బావ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అక్క అత్తగారి ముఖం ఎర్రబడింది. ఇప్పుడు ఏడుస్తుందా, తిడుతుందా అని నేను చూస్తుంటే ఆమె నా వైపు తిరిగి, "అయితే మాత్రం! నేను ముద్దుగా సెప్పి రాయించిన కార్డును సించి బిడ్డ కింద ఏస్తావా? వాడు తడిపినేది నా మాటల మీదనా?" అని గయ్యిమంది. ఆ కోపం వినగానే అక్క గట్టిగా ఊపిరి వదిలింది. ఆ కోపం ఇంటి మనిషి మీద పడే కోపం.  అది న్యాయమైన మాట.

ఆ సాయంత్రం దాకా అందరం కూర్చుని మిగిలిన కాగితాలు లాగాము. మామగారు ఒక్కొక్కటీ జత కుదిర్చి పైకి చదువుతుంటే, ఎప్పుడో చనిపోయినవాళ్ళు కూడా ఆ చాప మీదికి వచ్చి క్షేమసమాచారాలు అడిగి పోయారు. అవ్వ తమ్ముడు ఆలూరు నుంచి రాసిన కార్డు ఒకటి వచ్చింది, వానలు పడలేదని. అవ్వ దాన్ని మూడుసార్లు చదివించుకుంది. కంబి మీద ఇన్నేళ్ళూ ఉన్నదాన్ని చదివి వినిపించమని ఆమె ఎప్పుడూ మమ్మల్ని అడగలేదు, మాకూ తోచలేదు. వెనక గుడ్డ మళ్ళీ కుట్టేటప్పుడు జానెడు సందు మిగిల్చి బియ్యం కోసం చూస్తుంటే అక్క అత్తగారు నా చేతిలోంచి బొంత తీసుకుంది. "నచ్చినది అని ఉండే ముక్క యాడుందో సూడు" అని భర్తను అడిగింది. ఆయన ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి, బియ్యంతోపాటు మూలలోకి తోసింది. "కడుపు ఖాళీగా ఉంటే బాగుండదు గదా పెద్దమ్మా" అని, నా సూది అడిగి తీసుకుని, ఆ సందును తన చేత్తోనే కుట్టింది. ఆమె ఎప్పుడూ సూది పట్టిన మనిషి కాదు. కుట్లు వంకరగా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, దారం మూడు వరసలు. నా సన్నని కుట్ల పక్కన అవి చూసి నేను లోలోపల నవ్వుకున్నాను.

ఆ బొంత మీద అక్క పిల్లలు ముగ్గురూ పడుకున్నారు, తర్వాత వాళ్ళ పిల్లలూ పడుకున్నారు. మొన్న అక్క దాన్ని మూట కట్టి నా దగ్గరికి పంపింది. ఇంట్లో నేనే బొంతల పెద్దను కదా, బాగుచేసి పంపమని. కళ్ళద్దాలు పెట్టుకుని (సూదిలోకి దారం మా చిన్నకోడలు ఎక్కించి ఇచ్చింది) ముందేసుకుని చూశాను. ఒళ్ళు వంచి, వేళ్ళు పొడిపించుకుని, అవ్వతో తిట్లు తిని నేను కుట్టిన సన్నని కుట్లు సగం ఊడిపోయాయి. అక్క అత్తగారు కుట్టిన మూల మాత్రం చెక్కుచెదరలేదు. నొక్కితే గరగరమనలేదు, లోపల చిన్న గడ్డలాగా ఏదో తగిలింది. ఆ కాగితం ఏమైందో, 'నచ్చినది' అనే ఆ మాట ఇంకా కనపడుతుందో లేదో చూడాలని కత్తెర తీసుకున్నాను. యాలమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక కుట్టు కింద కత్తెర కొన దూర్చాను కూడా. కొన బయటికి తీసి, కత్తెర పక్కన పెట్టి, నా కుట్లు నేను మళ్ళీ మొదటి నుంచి కుట్టుకోవడం మొదలుపెట్టాను.